స్టోరు సారుకు మంచినీళ్లు

మా స్టోరు సారు పోయిండు.

మొన్న శుక్రవారం పొద్దుగాల, దోహాల, అల్ తుమామాల ఉండె మా బిడ్డ ఇంట్ల చాయ్ తాగుకుంట కూసున్న. ఫోన్ల ఒక వాయిస్ మెసేజి వచ్చింది. పంపినోడు నలభై ఏండ్ల కింద క్యాంపుల నాతోని ఒక్క రూముల పన్నోడు, మా ఎనిమిది మందికి వంట చేసిపెట్టినోడు. ఇప్పుడు నిజామాబాద్ల మనుమలను ఆడిస్తుండు. "అరేయ్, స్టోరు సారు పోయిండట రా. ఆయన బిడ్డ ఫోన్ చేసింది. ఆఖరి దినాలల్ల నిన్నే అడిగిండట. 'కుండల బిడ్డ ఎలా ఉందో' అని రోజూ అన్నడట. ఆమెకు సమజ్ గాలె పాపం. మా నాన్నకు మాకు తెలియని కూతురు ఇంకొకతి ఉందా అండీ అని నన్నడుగుతుంది."

ఆ కుండల బిడ్డను నేనే. అరవై ఏడేండ్ల ముసలోన్ని, మీసాలున్నోన్ని.

నాకు కోపం ముక్కు మీదనే ఉంటది, మా ఇంట్ల అందరికీ ఎరుకే. ఆ మాట విని మొదలు కోపమే వచ్చింది. ఎవరి మీద అంటె చెప్పరాదు. గిలాస టేబుల్ మీద కొట్టినట్టు వెట్టిన. మా బిడ్డ వంటింట్లకెళ్లి "ఏమైంది బాపు?" అనుకుంట ఉరికొచ్చింది. "ఏం గాలె, మా సారు పోయిండు" అన్న. ఆ మాట నోట్లకెళ్లి బయటికి వచ్చినంకనే ఏడుపొచ్చింది.

ఆయనతోని చెప్పవలసిన ముచ్చట ఒకటి ఇన్నేండ్లు నా కడుపుల ఉండిపోయింది. ఇప్పుడు చెప్తనంటె వినేటోడు లేడు. అందుకే మీకు చెప్తున్న. మెచ్చుకోనీకి కాదు, తిట్టినా మంచిదే.

చమురు ధర ఆకాశానికెక్కిన ఏండ్లవి. దోహాల ఏడ చూసినా గుంతలు, ఇనుప కడ్డీలు, ఇసుక లారీలు. మా ఊరోళ్లు నేను దుబాయ్ పోయిన్ననే అనుకున్నరు. వాళ్లకు ఖతర్ అన్నా దుబాయే, కువైట్ అన్నా దుబాయే. మా కంపెనీ అల్ సద్ల నాలుగంతస్తుల ఫ్లాట్లు కడుతుండె. ఇప్పుడు ఆడ మెట్రో దిగుతె ఆస్పత్రులు, దుకాన్లు, కాలు వెట్ట సందు లేదు. అప్పుడు ఇసుక, ఇసుక మధ్యల మా బిల్డింగు, బిల్డింగు పక్కకు రేకుల స్టోరు. ఆ స్టోరుల మా సారు.

సారుది కృష్ణ ఒడ్డు దిక్కు. బీఏ చదివిండు. మేమంతా జగిత్యాల, ఆర్మూరు దిక్కోళ్లం, మేస్త్రీలం, కూలోళ్లం. మా మాట ఆయనకు మొదట్ల సగం తెల్వకపోయేది, ఆయన మాట మాకు సినిమా మాట లెక్క ఉండేది. చెవి మీద పెన్సిల్, ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం. అద్దాలు మాటిమాటికి తీసి అంగీ అంచుతోని తుడిచేటోడు. ఏదన్న కష్టమైన మాట చెప్పాల్నంటె మొదలు ఆ అద్దాలు తుడుసుడే.

ఇంకొక అలవాటు. స్టోరుకు మేకులకు పోయినా, చేతి తొడుగులకు పోయినా, ఉత్తగ సామాను చేతిల పెట్టకపోయేటోడు. కుండల నీళ్లు ముంచి ఇచ్చి "ముందు నీళ్లు తాగవయ్యా, మేకులు ఎక్కడికీ పోవు" అనేటోడు. తాగిందాక చీటీ రాయకపోయేటోడు. మా ఫోర్‌మన్ బయటికెళ్లి "యల్లా, యల్లా" అని, జల్ది రమ్మని ఒర్లుతనే ఉండేటోడు. సారు లేపిన తల దించకుండ నేను గుటకలు మింగేది చూసేటోడు.

సైటు ఇంజనీరు గ్రీకు దేశపోడు. పొడుగు మనిషి, ఎండకు ముఖమంతా ఎర్రగ కందిపోయి ఉండేది. ఆయన దగ్గర వాళ్ల దేశపు పాత కథల పుస్తకం ఒకటి ఉండె, ఇంగ్లీషుది, బొమ్మలున్నది. సారు దాన్ని అడిగి తెచ్చుకొని చదివిండు. శుక్రవారం మాకు డ్యూటీ లేదు. బట్టలుతికి ఆరేసినంక, పొద్దు నెత్తి మీదికి రాకముందు, స్టోరు నీడకు అందరం కూసునేటోళ్లం. సారు ఆ పుస్తకంల ఉన్న యమలోకం ముచ్చట్లు చెప్పేటోడు.

"వాళ్ల నరకంలో మంట తక్కువయ్యా, పని ఎక్కువ" అని మొదలువెట్టిండు.

"గట్లయితె మనం ఆడనే ఉన్నం కద సారు" అన్నడు మా వంటోడు. అందరం నవ్వినం.

పేర్లు సారు చెప్పేటోడు గని మా నాలికకు ఎక్కకపోయేటివి. మా పేర్లు మేం పెట్టుకున్నం. రాయి నెట్టేటోడని ఒకడు. వాడు మస్తు జిత్తులమారి రాజట, పాణం తీస్కపోను వచ్చిన మృత్యువునే గొలుసులేసి కట్టేసిండట. దేవుండ్లకు కోపమొచ్చి గుట్ట మీదికి బండ నెట్టుమన్నరు. ఇంకొక్క అడుగు అనంగ బండ కిందికి దొర్లుతది. దిగాలె, మళ్ల నెట్టాలె. ఎన్నటికీ అంతే.

"లీవు లేదా సారు?" అని అడిగిండు ఒకడు.

"లేదయ్యా."

"అయినా గా దేశంల మేస్త్రే లేడా? సగం దూరం పోయినంక ఇటుక పెళ్ల అడ్డం వెడితె బండ ఆగదా?" అన్నడు వాడే.

సారు అద్దాలు తీసి తుడుసుకుంట మస్తు నవ్విండు. "ఇన్ని వేల ఏళ్లలో ఆ మాట చెప్పేవాడే దొరకలేదయ్యా వాళ్లకి" అన్నడు.

ఇంకొకడు దూపరాజు. కన్నకొడుకును వండి దేవుండ్లకు వడ్డించిన పాపిష్టోడు. వాన్ని గదవ దాక నీళ్లల్ల నిలవెట్టిండ్రు. తాగుదమని వంగుతె నీళ్లు కిందికి పోతయి. నెత్తి మీద పండ్ల కొమ్మలు, చెయ్యి చాపితె గాలి గుంజుకపోతది. ఈ కథ విన్ననాడు ఎవ్వడు తమాష చెయ్యలె. సముద్రం పక్కకే ఉండి, గుక్కెడు నీళ్లకు ట్యాంకరు కోసం ఎదురుచూసేటోళ్లకు దూపరాజు కొత్తోడా ఏంది.

మూడోది నా మెడకు చుట్టుకున్న కథ. యాభై మంది అక్కచెల్లెండ్లు. ఒక్కతి తప్ప అందరు పెండ్లినాడే మొగండ్లను చంపిండ్రట. వాళ్లకు శిక్ష ఏందంటె ఓటికుండల నీళ్లు నింపుడు. పోస్తనే ఉండాలె, కారిపోతనే ఉంటది. అప్పుడు సైటుల నా పని క్యూరింగ్. స్లాబ్ పోసినంక అది పగలకుండ గోనెసంచులు పరిచి, పొద్దుమూకులు పైపుతోని తడుపుడు. ఖతర్ ఎండల ఈ కొస నుంచి తడుపుకుంట ఆ కొసకు పోయేసరికి ఈ కొస ఎండుతది. కథ అయిపోంగనే అన్ని తలకాయలు నా దిక్కు మళ్లినయి. "ఓ కుండల బిడ్డా!" అన్నడు వంటోడు. ఇగ అదే పేరు. రెండు దినాలు అందరితోని కొట్లాడిన. అన్నం కూడ తినలె.

సారు నన్ను స్టోరుకు పిలిచి నీళ్లిచ్చిండు. "కోపం దేనికయ్యా? వాళ్లు తప్పు చేసి ఆ పని చేస్తున్నారు. నువ్వు ఏ తప్పూ చెయ్యకుండా చేస్తున్నావు. పెద్దవాడివి నువ్వే" అన్నడు. అప్పుడు ఆ మాట నిజమే.

నాలుగో కథ వీణె వాయించేటోనిది. భార్యను పాము కరిచింది. వాడు పాణంతోనే ఆ లోకానికి దిగి వీణె వాయించిండట. రాయి నెట్టేటోడు బండ మీద కూలవడి విన్నడట, కుండల బిడ్డలు కుండలు దించిండ్రట. యముడు కరిగి "తీస్కపో, గని ఎల్లేదాక వెనుకకు మళ్లి చూడొద్దు" అన్నడు. వాడు ముందల, ఆమె వెనుక. ఇగ ఎల్తనంగ మళ్లి చూసిండు. ఆమె మాయమైంది. క్యాంపుల అందరికీ పెండ్లాలు ఊర్లనే ఉన్నరాయె.

"ఎందుకు చూసిండు సారు?" అని నేనే అడిగిన. నాకు వాని మీద కోపమొచ్చింది.

సారు జరసేపు అద్దాలు తుడిచిండు. "వెనక అడుగుల చప్పుడు వినబడలేదట. అనుమానం కాదయ్యా అది, బెంగ" అన్నడు.

ఆయన బెంగ మాకు ఎరుకే. ఇంకో రెండు నెలలకు భార్యను తెచ్చుకునే కాయితం చేతికి రావాలె. అల్ సద్లనే ఒక రూము చూసిపెట్టిండు. కిటికీకి పరదా గుడ్డ కూడ కొన్నడు, ఆకుపచ్చది, చిన్న చిన్న పూలది. స్టోరుల సిమెంటు దుమ్ము తగులకుండ దాన్ని కాయితంల చుట్టి పై అరల పెట్టుకున్నడు. ఎవరన్న అడుగుతె దించి చూపించేటోడు. అడుగకున్నా చూపించేటోడు.

ఒక దినం మూడో అంతస్తు మీద స్లాబ్ తడుపుతున్న. సారు పైకొచ్చిండు. ఆయనకు ఎత్తంటె భయం, ఎన్నడు పరంజి ఎక్కినోడు కాదు. ఒక చేత్తోని కట్టె పట్టుకొని, ఒక చేతిల స్టీలు గిలాస పట్టుకొని, అంగీ మీద సగం నీళ్లు ఒలుకవోసుకుంట వచ్చిండు. "ముందు నీళ్లు తాగవయ్యా" అన్నడు. నీళ్లు తాగిందాక ఆగి చెప్పిండు, ఊరికెళ్లి టెలిగ్రాం వచ్చింది, మా బాపు పోయిండని.

పాస్‌పోర్టు కంపెనీల ఉండె. లీవు అడుగుతె మేనేజరు స్లాబ్ పని ఉన్నది, మనుషులు లేరన్నడు. పెద్దకొడుకును నేను. తలకొరివి నా తమ్ముడు పెట్టిండు. సచ్చేటోని నోట్లె కొడుకు చెయ్యితోని నీళ్లు పడాలె, నేను పొయ్యలె. పదో దినం నాడన్న ఈడ్నే తానం చేసి నీళ్లిడుద్దామనుకున్న. గుండు వంటోడే గీసిండు. నువ్వులు క్యాంపు వంటింట్ల దొరికినయి. నీళ్లే దొరుకలె.

నీళ్లు లేక కాదు. సైటుల రెండు ట్యాంకులు. ఒకటి ఉప్పు నీళ్లది, దుమ్ము అణుగనీకి, సామాను కడుగనీకి. ఒకటి మంచినీళ్లది, తాగనీకి, కాంక్రీటుకు. క్యాంపుల తానానికి గూడ ఉప్పు నీళ్లే. సారు దగ్గరికి పోయి ఏడ్చిన. "బతికున్నప్పుడు బాపుకు నేను పెట్టింది ఏం లేదు సారు. సచ్చినంక ఉప్పు నీళ్లు తాపాల్నా?"

సారు సొరుగు గుంజి మంచినీళ్ల ట్యాంకు తాళంచెవి తీసి నా చేతిల పెట్టిండు. ఆ చెవి ఆయన ఎవ్వరికీ ఇయ్యకూడదు. "మధ్యాహ్నం అందరూ భోజనాలకి వెళ్లినప్పుడు చేసుకో. నేను రాను. మీ నాన్నగారికీ నీకూ మధ్యన నేనెందుకు" అన్నడు.

ట్యాంకు వెనుక, ఇసుకల, దక్షిణం దిక్కు ముఖం వెట్టి కూసున్న. పైపు విప్పి నెత్తి మీద పోసుకున్న. నువ్వులు చేతిలేసుకొని బాపు పేరు చెప్పి మూడుసార్లు నీళ్లిడిసిన. పైపు ఇసుకల వెట్టిన. లేసిన. మళ్లి చూడకుండ నడిసిన.

పైపు బందు చెయ్యాలె కద అని మీరంటరు. చెయ్యాలంటె మళ్లాలె. నీళ్లిడిసినంక వెనుకకు మళ్లి చూస్తె పోయినోని పాణం మన ఎంబడి వస్తదని, దానికి తొవ్వ దొరుకదని మా ముసలమ్మ చెప్పేది. చిన్నప్పటికెళ్లి విన్న మాట. జరసేపు ఆగి, అటు దిక్కుకెళ్లి తిరిగొచ్చి బందు చేద్దామనుకున్న. గోడ నీడకు కూసొని ఏడ్చిన. ఏడ్చుకుంట ఏడ్చుకుంట కన్నంటుకుంది. ఇసుకల పడ్డ నీళ్లకు సప్పుడు ఉండది.

బెల్లు కొట్టంగ లేసి ఉరికిన. ట్యాంకు ఉత్తది. మళ్ల ట్యాంకరు వచ్చేది తెల్లారినంకనే. తాళమేసి చెవి తీస్కపోయి సారుకిచ్చిన. "అయిందా?" అన్నడు. "అయింది సారు" అన్న. అంతే చెప్పిన. చెప్పి పైకెక్కి, ఎండుతున్న స్లాబ్ మీద ఉప్పు నీళ్లు కొట్టిన. ఒక్క పూటకు ఏమైతది అనుకున్న. థూ, నా తెలివి!

పొద్దటికి స్లాబ్ మూల మీద బియ్యప్పిండి జల్లినట్టు తెల్లగ ఉప్పు పూసింది. ఇంజనీరు మోకాళ్ల మీద కూసున్నడు. వేలు తడి చేసి అద్దిండు, నాలిక మీద పెట్టుకున్నడు, ఉమిసిండు. ఉప్పు లోపలి ఇనుముకు తుప్పు వట్టిస్తదట. ఆ మూల పగలగొట్టి మళ్ల పొయ్యాలన్నడు.

ఆఫీసుకు పిలిచిండ్రు. మేనేజరు, ఇంజనీరు కుర్చీలల్ల, నేను నిలవడి. నాకు ఇంగ్లీషు రాదు కనుక మాట అటూ ఇటూ చెప్పనీకి సారును పిలిచిండ్రు. ఇంజనీరు ఏదో అడిగిండు. సారు నా దిక్కు తిరిగి, "మంచినీళ్ల ట్యాంకు ఎవరు ఖాళీ చేశారని అడుగుతున్నారయ్యా" అన్నడు. చెవి ఇచ్చినోడు ఆయన. తీస్కున్నోన్ని నేను. ఇద్దరికీ తెలుసు.

ఊరంత నోరున్నోన్ని నేను. క్యాంపుల చిన్న మాటకు పెద్ద కొట్లాట వెట్టుకునేటోన్ని. ఆ దినం మాత్రం, పంపిస్తరు, ఇంటికి పంపిస్తరు, ఇంత దూరమొచ్చి ఉత్త చేతులతోని పోవాలె, ఇదే నా మనసుల.

"నాకు తెల్వది సారు" అన్న.

సారు అద్దాలు తీసిండు. తుడిచిండు. మళ్ల పెట్టుకొని నన్ను చూసిండు. ఆ చూపుల కోపం ఉంటె బాగుండు, నేను తట్టుకుందును. ఇంజనీరు దిక్కు మళ్లి ఇంగ్లీషుల ఒక్క మాట చెప్పిండు, చిన్నది. ఇంజనీరు తలకాయ దించుకున్నడు. మేనేజరు బల్ల మీద చెయ్యి కొట్టిండు. ఏం చెప్పిండో నాకు సమజ్ గాలె. సమజ్ కావొద్దని కూడ అనుకున్న.

రెండు దినాలల్ల తెలిసింది, సారు వీసా రద్దు చేసి పంపిస్తుండ్రని.

పొయ్యేదానికి ముందటి దినం పొద్దుగూకంగ ఆయన రూముకు పోయిన. పెట్టె సదురుతుండు. పరదా గుడ్డ మడత విప్పకుండనే అడుగుకు పెట్టిండు. అలవాటు కొద్ది నాకు నీళ్లిచ్చిండు. నేను తాగలె.

"అసలు ఏం జరిగిందో నాకొక్కడికి చెప్పవయ్యా" అన్నడు. చెప్పిన. పైపు, ఇసుక, మా ముసలమ్మ మాట, నిద్ర, అన్నీ. సారు విన్నడు. విని, దగ్గొచ్చేదాక నవ్విండు.

"ఆ గ్రీకువాడు తిరిగి చూసి పోగొట్టుకున్నాడు. నువ్వు తిరిగి చూడక పోగొట్టావు" అన్నడు. తరువాత నవ్వు ఆపి, "నీళ్లు పోవడం తప్పు కాదు. నీళ్లు పోతే మళ్లీ వస్తాయి. తెలియదన్నావు చూడు, అదీ" అన్నడు.

"మరి మీరెందుకు నా మీద వెట్టలె సారు?"

"అప్పటికే నువ్వొక శిక్షలో ఉన్నావయ్యా. తండ్రి పోతే వెళ్లలేకపోయావు. దాని మీద ఇంకొకటి దేనికని."

నేను లేసిన. "ఇప్పుడే పోయి మేనేజరుకు చెప్త" అన్న. "చెప్పు, నేను ఆపను" అన్నడు. నిజంగ ఆపలె. చెప్పాల్నని కూడ అనలె. నేను ఆఫీసు మెట్ల దాక పోయిన. లోపట లైటు ఉండె, మేనేజరు మాట వినవడుతుండె. మెట్ల మీద కాలు వెట్టిన. తీసిన. రూముకొచ్చి గోడ దిక్కు ముఖం వెట్టి పన్న. ఆ మెట్లు మూడే. ఇన్నేండ్లు ఎక్కుతనే ఉన్న ఆ మూడు మెట్లు.

నేను మెట్ల దిక్కు నడుస్తున్నప్పుడే ఆయన వెనుకకెళ్లి ఇంకో మాట అన్నడు. "రేపు పదింటికి నా బండి సైటు పక్కనుంచే పోతుంది. చెయ్యి ఊపుతాను. నువ్వు ఒక్కసారి తిరిగి చూడు, చాలు."

తెల్లారి పదింటికి నేను మూడో అంతస్తుల, ఉప్పు పూసిన మూలను మిషన్‌తోని పగలగొడుతున్న. దుమ్ము, సప్పుడు. కింద పికప్ బండి హారను కొట్టింది. ఒకసారి. ఇంకొకసారి. మిషన్ ఆపలె. ఏ ముఖంతోని చూడాలె? ఆయన కండ్లల్ల పడుడుకన్న కాంక్రీటు పగలగొట్టుడే నయమనిపించింది. ఆనాడు ఏ ముసలమ్మ మాట నన్ను ఆపలె, నా పిరికితనమే ఆపింది. సారు చెయ్యి మలుపు తిరిగేదాక కిటికీ బయటనే ఉండెనని తరువాత వంటోడు చెప్పిండు. వారం దినాలు వాడు నాతోని మాట్లాడలె.

ఆ మూల మళ్ల పోసినం. మళ్ల నేనే తడిపిన. మంచినీళ్లతోని.

ఇంకా పన్నెండేండ్లు ఖతర్ల పని చేసిన. కూలి నుంచి ఫోర్‌మన్ అయిన. ఇంగ్లీషు ముక్కలు వచ్చినయి. ఒకనాడు ఒక పోరడు స్టోరు చెవి పోగొట్టిండని ఇంజనీరుతోని నేనే మాట్లాడుతున్న. "కీ వాజ్ విత్ మీ" అన్న నోరు అట్లనే తెరుచుకొని నిలవడ్డ. సారు ఆనాడు అన్నది అదే. చెవి నా దగ్గరే ఉంది. అన్ని దినాలు చెవులల్ల ఉత్త సప్పుడు లెక్క ఉన్న మాట, ఒక్కసారే సమజ్ అయ్యింది. నీడకు పోయి కూసున్న. పోరలు ఎండ దెబ్బనుకొని నెత్తి మీద నీళ్లు చల్లిండ్రు.

సారు ఊరికి పోయి మళ్ల గల్ఫ్ దిక్కు రాలె. పిల్లలకు ఇంగ్లీషు ట్యూషన్లు చెప్పుకుంట బతికిండట. మంచిగనే ఉన్నడని వంటోడు చెప్పేటోడు. వాడు సారుకు పండుగకో పబ్బానికో ఫోన్ చేసేటోడు. ఆరేండ్ల కింద నాకు నంబరిచ్చిండు. "స్టోరు సారు" అని రాసి పెట్టుకున్న. ఒకసారి కొట్టి, మోగకముందే బందు చేసిన. ఇంకోసారి కొట్టిన. ఎత్తిండు. అదే గొంతు, జర వణుకుతుంది. "హలో, ఎవరయ్యా?" అన్నడు.

నేను చెప్పలె.

"ఎవరు మాట్లాడేది? చెప్పవయ్యా" అన్నడు. చానసేపు ఆగిండు. నన్ను మెట్ల దాక పోనిచ్చి ఆగినట్టే ఆగిండు. నేను ఫోన్ బందు చేసిన. మళ్ల చేద్దాం, దసరాకు చేద్దాం, ఉగాదికి చేద్దాం. గుట్ట మీదికి నెట్టుతనే ఉన్న, ఇంకొక్క అడుగు అనంగ చెయ్యి ఇడుస్తనే ఉన్న. ఇటుక పెళ్ల అడ్డం వెట్టుమని ఇతరులకు చెప్పిన మేస్త్రీలం మేము.

ఆ మెసేజి వచ్చిన దినమే మా బిడ్డ వంటింట్ల నువ్వులు అడిగిన. పొట్లం కట్టిచ్చింది. "నేనూ వస్త బాపు, ఎండల ఒక్కనివే ఏడికి పోతవు?" అన్నది. వద్దన్న. ఒక నీళ్ల బాటిల్ పట్టుకొని టాక్సీల అల్ సద్ పోయిన.

బిల్డింగు ఇంకా ఉన్నది. రంగు పోయింది, కిటికీలల్ల ఏసీ డబ్బాలు, బట్టలు. చుట్టూ లేసిన అద్దాల బిల్డింగుల నడుమ మాది ముసలిదైంది. మూడో అంతస్తు మూలను కిందికెళ్లి చూసిన. మంచిగనే ఉన్నది. ఏడనన్న పర్రె, పగులు ఉంటదేమో అని చూసిన, లేదు.

గోడ పక్కకు దక్షిణం దిక్కు ముఖం వెట్టి నిలవడ్డ. మోకాళ్లు వంగలె. నువ్వులు చేతిలేసుకొని బాటిల్ మూత తీసిన. ఏ పేరు చెప్పాలె? పేరు నాకు తెలుసు, గని ఎన్నడు ఆ పేరుతోని పిలవలె. "స్టోరు సారూ" అన్న. మూడుసార్లు ఇడిసిన.

కాపలా పిలగాడు వచ్చిండు, నేపాల్ దిక్కోడు. "క్యా కర్ రహే హో, చాచా?" అన్నడు.

"మా సారు పోయిండు. ఆయనకు నీళ్లిస్తున్న" అన్న, హిందీల. ఇంకా ఏమేమో చెప్పిన. "ట్యాంకు ఖాళీ చేసింది నేను. ఆయన కాదు. నేను" అన్న. నలభై ఏండ్ల కింద ఆ మూడు మెట్లెక్కి చెప్పవలసిన మాట, ఎవరో తెల్వని పిలగానికి చెప్పిన. వానికి ఏం సమజ్ అయ్యిందో. లోపటికి పోయి తన సొంత బాటిల్ తెచ్చి నా చేతిల పెట్టిండు. "పెహలే ఆప్ పీజియే" అన్నడు. మొదలు మీరు తాగుండ్రి.

తాగిన. మిగిలినవి గోడ మొదట్ల పోసిన. ఖతర్ ఎండ ఖతర్ ఎండే, మొదట పోసినది అప్పటికే అంచుల పొంటి ఎండుతుంది.

ఇగ మళ్లి చూడకుండ పోవాలె. పది అడుగులేసిన. పన్నెండేసిన. మా ముసలమ్మ మాట చెవులల్లనే ఉన్నది. ఆయన పాణం నా ఎంబడి వస్తె రానీ, ఇన్నేండ్లు నాతోని ఉన్నది అదే కద.

ఆగి, మళ్లి చూసిన.

పిలగాడు గోడ కాడనే నిలవడి ఉన్నడు. నేను ఏమన్న మరిచిపోయిన్ననుకున్నడో ఏమో, చెయ్యి ఎత్తి ఊపిండు. నేనూ చెయ్యి ఎత్తిన. వాడు దించి లోపటికి పోయిండు. నేను దించలె. ఆ గోడ మొదట్ల తడి ఆరేదాక, ఆ ఎండల, గట్లనే ఊపుకుంట నిలవడ్డ.